చీమల బాట
గృహనిర్వాహము

శివునాజ్ఞ లేనిదే చీమయైనను కుట్టదని పెద్దలందురు. కుట్టుట మాట యెట్లున్నను, చీమ వంటయింటిలోనికి వచ్చుటకు కావలసిన యాజ్ఞను మాత్రము తరచుగ మనమే యిచ్చుచున్నాము. మూత బిగియని బెల్లపు డబ్బా, అంచున పాకము కారిన గిన్నె, రాత్రియంతయు చుక్కచుక్కగ కారు కొళాయి, గోడమూలనున్న నెఱ్ఱె, ఇవియే ఆ యాజ్ఞాపత్రములు.

సోదరీమణులారా! ఈ నెల ఈ పుటలో చీమలను గూర్చి ముచ్చటింతము. చిన్న విషయమే కదా యని దీనిని తీసివేయరాదు. ఏలయనగా వంటగట్టుపై చీమలబారు కనబడినప్పుడు ఇంటిలో రెండు చెడుగులు వెంటవెంటనే జరుగుచుండును. మొదటిది, ఆ యింటి యిల్లాలికి, ముఖ్యముగ క్రొత్తగ కాపురమునకు వచ్చిన కోడలికి, శుచి చాలదను నింద. రెండవది, ఆ నిందకు వెఱచి, అన్నము వండుకొను చోటనే విషమును గీయుట, చల్లుట. మొదటిది మనస్సును నొప్పించును. రెండవది పసిబిడ్డల ప్రాణమునకే ముప్పు తేగలదు. ఈ రెండును అక్కఱలేనివని చూపుటయే నా యుద్దేశము.

మేడ్చలు, శామీరుపేటల చుట్టుపట్ల నివసించు సోదరీమణులకు ఈ బాధ బాగుగ తెలిసినదే. హైదరాబాదు నగరమునకు ఉత్తరమున నున్న యీ సీమ మొన్న మొన్నటివఱకు ఎఱ్ఱని చల్కభూములు, రాతిగుట్టలు, చెఱువులు, ద్రాక్షతోటలు గల పల్లెపట్టు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీనుండి ఇది మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనిదైనది. ఔటర్ రింగు రోడ్డు వచ్చినది, చేలు ప్లాట్లైనవి, ప్లాట్లలో మేడలు లేచినవి. పాతకాపులైన రైతులు పొలములమ్ముకొని లేచిపోయియుండవచ్చును గాని, నేలలోని చీమలు ఎవరికిని రిజిస్ట్రీ చేసి యిచ్చి పోలేదు. వాటి పుట్టలపై మనమే యిల్లు కట్టుకొంటిమి. గుల్లగానుండు ఎఱ్ఱమన్ను వాటికి సుఖనివాసము. కావున కట్టి యేడాదియైనను కాని క్రొత్తయింట చీమలు కనబడినచో అందు వింతయు లేదు, ఇల్లాలి దోషమును లేదు.

వచ్చునవి యెవరు?

చీమలన్నియు ఒక్క తెగవి కావు. పెరటిచెట్ల మొదళ్ళలో కాపురముండి, చీకటిపడిన పిదప ఒకటొకటిగ లోపలికి వచ్చునది పెద్ద నల్లని గండుచీమ. నేలలో గూడుపెట్టి, త్రొక్కినచో మంటపుట్టునట్లు కుట్టునది ఎఱ్ఱచీమ. పొడుగుకాళ్ళతో దారితప్పినదానివలె ఇటునటు పరుగులెత్తునది ఒక చిన్న నల్లచీమ. తల నల్లగను వెనుకభాగము పాలవలెను ఉండి, కంటికానుట కష్టమైన మిక్కిలి చిన్నచీమ వేఱొకటి. ఇవి గాక లేత పసుపువన్నె దేహముతో సుమారు రెండు మిల్లీమీటర్ల నిడివి మాత్రమే గల సన్నచీమ కలదు. 1758లో లిన్నేయస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ఈజిప్టు రాజులైన ఫారోల పేరు పెట్టెను. పేరు రాజులదైనను దీని కాపురము గోడ నెఱ్ఱెలలోను, టైల్సు వెనుకను, స్విచ్చిబోర్డులలోను. మొదటి మూడు తెగలు బయటినుండి వచ్చి పోవునవి. చివరి రెండును మన యింటిలోనే గూడు కట్టుకొనునవి. ఈ భేదమును తెలిసికొన్నచో మందు సగము తెలిసినట్లే.

తెలుగునాట చీమలపై శాస్త్రజ్ఞుల దృష్టి పడుట నేటిమాట కాదు. నెల్లూరులో వైద్యుడుగ పనిచేసిన టి. సి. జెర్డన్ దక్షిణ హిందూదేశపు చీమల పట్టికను 1851లోనే ప్రకటించెను. అటుపిమ్మట తెలియవచ్చిన విషయములలో మన కుపయోగించునవి రెండు గలవు.

మొదటిది: బారుకట్టి వచ్చునవన్నియు ఆడచీమలే. గ్రుడ్లు పెట్టు రాణి గూటిలోనే యుండును. బయటికి వచ్చి తిండి మోసికొనిపోవునవి గ్రుడ్లు పెట్టని పనిచీమలు. గూటిలో నున్నవాటితో పోల్చినచో బయట తిరుగునవి కొలదిపాలు మాత్రమే. కావున గట్టుమీది నూఱు చీమలను నలిపివేసినను గూటికి లోటురాదు; రేపు మఱియొక నూఱు వచ్చును.

రెండవది: పెరిగిన చీమ గట్టిపదార్థమును మ్రింగలేదు, ద్రవమునే త్రాగగలదు. అది మోసికొనిపోవు గట్టిముక్కలు గూటిలోని పిల్లపురుగుల కొఱకు. అందుచేత నేలపై రాలిన మెతుకుకన్న, నూనెసీసా మెడను కారిన చార, తేనెసీసా మూతక్రింది జిగట, టీకప్పు అడుగున మిగిలిన తీయని చుక్క దానికి ఎక్కువ ప్రియము. మనము మెతుకును తుడిచి చారను వదలుచున్నాము.

ఏల వచ్చును?

తిండికి మాత్రమే వచ్చునని తలపరాదు. చైత్ర వైశాఖముల యెండలలో నేల మాడిపోవునప్పుడు చీమలు నీటికై వచ్చును. సింకు క్రింది చెమ్మ, కుండ అడుగున ఊరిన తడి, వడియుచున్న కొళాయి వాటికి చలివేంద్రములు. మృగశిరకార్తె ప్రవేశించి వానలు పడగనే నేలలోని గూళ్ళు నీటమునుగును. అప్పుడు గ్రుడ్లను, పిల్లలను నోట కఱచుకొని పొడిచోటికై గోడల నెక్కును. వానకు ముందు చీమలు గ్రుడ్లు మోసికొనిపోవుటను మన అవ్వలు కనిపెట్టియేయున్నారు. ఈ రెండు కాలములలోను అద్దమువలె తుడిచిన వంటయింటికైనను చీమ వచ్చును. కావున అత్తగారలు ఈ మాటను దయచేసి జ్ఞాపకముంచుకొందురుగాక.

మూడవ కారణమొకటి పెరటిలో నున్నది. ఈ ప్రాంతమున ద్రాక్షతోటలు పెంచినవారికి పిండినల్లి సంగతి తెలియును. తెల్లని పిండివలె కొమ్మలకంటుకొని రసము పీల్చు ఆ పురుగు తీయని జిగటద్రవమును విడుచును. చీమలు దానికై పిండినల్లిని కనిపెట్టుకొనియుండి, దానిని తినవచ్చు పురుగులను తఱిమివేయును. తోటలు తఱిగినను మన పెరటి మందారమునకును, జామచెట్టునకును పిండినల్లి పట్టుట మానలేదు. వంటయింటి కిటికీని తాకుచున్న మందారపుకొమ్మ చీమలకు వంతెన. ఆ కొమ్మను కత్తిరించి, పిండినల్లి పట్టిన రెమ్మలను నీటిధారతో కడిగివేసినచో, లోపల మందు వేయకయే సగము చీమలు తగ్గుట కద్దు.

బాట సంగతి

చీమ చూపును నమ్ముకొని నడచునది కాదు. తీపి దొరకిన మొదటి చీమ గూటికి తిరిగిపోవుచు తన వెనుకభాగమును నేలకు తాకించి, మనకు తెలియని వాసనగల ద్రవమును గీతవలె పూసికొనుచు పోవును. ఆ వాసనను పట్టి రెండవది వచ్చును, అదియు పూయును, ఆ విధముగ బాట బలపడును. అమెరికా శాస్త్రజ్ఞుడైన ఇ. ఓ. విల్సన్ 1959లో ఎఱ్ఱచీమల నొక తెగయందు ఈ ద్రవము ఏ గ్రంథినుండి వచ్చుచున్నదో కనిపెట్టి, ఆ గ్రంథిరసముతో గీత గీయగా చీమలు గూటినుండి బయలుదేరి ఆ గీతవెంట నడచుటను చూపెను. ఫారో చీమ యింతకన్న తెలివైనది. తిండిలేని దారిమొదట ‘ఇటు పోవద్ద’ని తెలుపు వేఱొక వాసనను సయితము అది పూయునని ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు 2005లో తెలిపిరి.

ఇందువలన మనకు బోధపడునది యేమనగా: మనము చెఱపవలసినది చీమను కాదు, బాటను. చీమలను పొడిగుడ్డతో తుడిచి పాఱవేసినను గీత మిగిలియేయుండును. గంటలో మరల బారు కట్టును. ‘ఎంత తుడిచినను పోవు’నని విసుగుకొను గృహిణులు తుడుచుచున్నది చీమలను, బాట అట్లేయున్నది.

చేయవలసిన పని

పనిని ఈ వరుసను చేయవలెను. వరుస తప్పినచో ఫలము తగ్గును.

మొదట చూడవలెను. బారు కనబడినవెంటనే చేతికందిన గుడ్డతో తుడిచివేయుట సహజము. కాని పది నిమిషములు ఓర్చుకొని, అవి యెచ్చటనుండి వచ్చి యెచ్చటికి పోవుచున్నవో కనిపెట్టుడు. గోడ నెఱ్ఱెనుండియా, కిటికీచట్రము సందునుండియా, సింకుగొట్టము దిగు రంధ్రమునుండియా, గ్యాసుగొట్టము వచ్చు చిల్లునుండియా తెలిసికొని, అచ్చట పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టుడు. ఈ పనిని ఇంటి పిల్లలకొప్పగించినచో మిక్కిలి యుత్సాహముతో చేయుదురు.

రెండవది, తిండిని తీసివేయవలెను. బాట యెచ్చట ముగియుచున్నదో అచ్చటి డబ్బాను లోపలను వెలుపలను కడిగి యారబెట్టి, మూత బిగియు పాత్రలోనికి మార్చుడు. మరమూత బిగించినంతమాత్రమున చాలదు. సన్నచీమ మరల చుట్టలవెంటనే లోపలికి పోగలదు. మూతలో రబ్బరుచుట్టగల డబ్బాలు బెల్లమునకును, చక్కెరకును మేలు. చీమలు పట్టిన బెల్లమును పాఱవేయ నక్కఱలేదు. పళ్ళెములోనుంచి కొంతసేపు ఎండలో పెట్టినచో అవి దిగిపోవును.

మూడవది, బాటను కడుగవలెను. ఇందుకు మన యింటి కుంకుడుకాయను మించినది లేదు. ఐదాఱు కుంకుడుకాయలను చితుకగొట్టి, గింజలు తీసి, అరలీటరు గోరువెచ్చని నీటిలో గంటసేపు నానబెట్టి, పిసికి వడగట్టుడు. జిడ్డును విడదీసి నీటిలో కలుపు గుణము ఆ నురుగునందు గలదు. చీమల గీతయు జిడ్డువంటిదే. ఆ నీటిలో గుడ్డను ముంచి పిండి, గుర్తు పెట్టిన రంధ్రము మొదలుకొని తిండియుండిన చోటివఱకు, గీతకు ఇరువైపుల జానెడు వెడల్పున రుద్ది తుడువుడు. పిదప మంచినీటిగుడ్డతో తుడిచి పొడిగ నారనిండు. మూడుదినములు ప్రొద్దుటను రాత్రియు ఇట్లు చేయవలెను. కుంకుడునీరు రెండుదినములకే పులియును గనుక కొద్దిగనే చేసికొనుట మంచిది, కంటబడకుండ చూచుకొనవలెను. కుంకుడు లేనియింట గిన్నెలు తోము సబ్బునీరైనను ఇంతపనియు చేయును. స్విచ్చిబోర్డులపై మాత్రము తడిగుడ్డ పెట్టరాదు.

నిమ్మరసముతోగాని వెనిగరుతోగాని తుడువుమని పలువురు చెప్పుదురు. అదియు మంచిదే, అయితే ఒక హెచ్చరిక. తాండూరు బండలు, షాబాదు బండలు, చలువరాయి, ఇవి సున్నపుజాతి రాళ్ళు. పులుపు తగిలినచోట వాటి నునుపు తినివేయబడి తెల్లని మచ్చలు నిలిచిపోవును. నల్లరాతి గ్రానైటుగట్టునకు అంత భయము లేదు. బండలపఱపు గల యింట కుంకుడునీటినే వాడుడు.

నాలుగవది, ద్వారమును మూయవలెను. పెన్సిలుగుర్తు పెట్టిన నెఱ్ఱెలో తెల్ల సిమెంటును ముద్దగ కలిపి కూరవలెను. గొట్టములచుట్టునున్న సందులను, టైల్సు నడిమి రాలిన పూతను అట్లే నింపుడు. మేస్త్రి వచ్చువఱకు ఆగనక్కఱలేదు. ఇది పావుగంట పని. అంతవఱకు తడిసబ్బుముక్కతో సందును రుద్ది పూడ్చినను కొన్నిదినములు నిలుచును.

ఐదవది, తడిని అరికట్టవలెను. కారు కొళాయికి క్రొత్త వాషరు వేయించుడు. రాత్రి పడుకొనబోవు ముందు సింకును, గట్టును పొడిగుడ్డతో ఒత్తి తుడువుడు. తడి మసిగుడ్డను సింకులోనే ముద్దగ వదలక ఆరవేయుడు. చెత్తబుట్టను రాత్రి వంటయింట నుంచరాదు.

అవ్వల నాటి కాపుదల

ఫ్రిజ్జులు, రబ్బరుమూతలు లేని కాలమున మన అవ్వలు నేతిని, పాలను, బెల్లమును ఎట్లు కాపాడిరి? పాలకుండ ఉట్టిమీద నుండెను. ఊరగాయజాడీకి వాసెన కట్టియుండెను. జాలీ అలమార కాళ్ళు నాలుగును నీటిచిప్పలలో నుండెను. ఇది ఉపాయములన్నింటిలోను నమ్మదగినది, విషము లేనిది, ఖర్చు లేనిది. మూడు షరతులు మాత్రము కలవు. అలమార గోడను తాకరాదు. దానినుండి గుడ్డగాని త్రాడుగాని వ్రేలాడరాదు. నీటిపై దుమ్ము తెట్టకట్టరాదు. దుమ్ము తెట్టకట్టినచో చీమలు దానిమీదుగనే దాటును. తేలిక చీమను నీటిపైభాగము కొంతవఱకు మోయును. నీటిలో రెండుచుక్కల కుంకుడురసముగాని సబ్బునీరుగాని వేసినచో ఆ పట్టు సడలి చీమ మునుగును.

ఇచ్చట నేటికాలపు మాట యొకటి చేర్చవలెను. కదలని మంచినీటిలో డెంగీజ్వరమును వ్యాపింపజేయు దోమ గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో పిల్లదోమలు లేచును. చీమను తప్పించుకొనబోయి దోమను పెంచరాదు గదా! కావున వారమునకు రెండుమాఱులు చిప్పలలోని నీరు పాఱబోసి, లోపలి అంచును రుద్ది కడిగి, క్రొత్తనీరు పోయవలెను.

పసిబిడ్డ యుయ్యాలకును ఈ జాగ్రత్తయే కావలెను. పాలు త్రాగిన బిడ్డ మూతిని, మెడ మడతలను తడిగుడ్డతో తుడిచి పడుకొనబెట్టవలెను. పాలసీసాను ప్రక్కలో వదలరాదు. ఉయ్యాల త్రాడు వెంటగాని గోడ వెంటగాని చీమలు దిగుచున్నవేమో రాత్రి ఒకమాఱు చూచుకొనవలెను.

పసుపు, లవంగము, కర్పూరము

ఇంటింట చెప్పుకొను మందులలో ఏది యెంతవఱకు పనిచేయునో తెలిసియుండవలెను.

పసుపుగీత, బూడిదగీత: సన్ననిపొడి చీమ కాలికి అంటుకొని నడకను చెఱచును గనుక అది దాటుటకు వెనుదీయును. కాని పొడి తడిసి గట్టిపడినదా, దానిమీదనే నడచిపోవును. పొడిగానుండు అలమారమూలలకు ఇది చాలును. సింకు ప్రక్కకు పనికిరాదు. తెలుపు పూతకు పసుపు మఱక తప్పదు.

లవంగములు, వేపాకు, పుదీనా: ఘాటైనవాసన చీమకు గిట్టదు, బాటవాసనను కొంత మఱుగుపఱచును. వాసన తగ్గగనే గుణమును తగ్గును. చక్కెరడబ్బాలో నాలుగు లవంగములు వేయుట మంచి యలవాటే గాని మూత వదులైనచో లవంగమొక్కటి కావలికాయజాలదు.

కర్పూరము: దీనిని వంటయింటి మూలల నుంచుట కొందఱి వాడుక. పసిపిల్లలున్నయింట ఇది కూడదు. తెల్లని బిళ్ళను పటికబెల్లమనుకొని బిడ్డ నోటవేసికొన్నచో మూర్ఛలు వచ్చును. దేవునిగూట వాడుకొను కర్పూరమునుసైతము అందనియెత్తున దాచవలెను.

మరగునీరు: పెరటిగూటిలో పోసినచో పైనున్న చీమలు చచ్చును, లోతుననున్న రాణి మిగులును, చెట్టువేళ్ళు ఉడికిపోవును. లాభముకన్న నష్టమే యెక్కువ.

విషపుసుద్ద

దుకాణములలో నాలుగురూకలకు దొరకు చీమలసుద్దను గూర్చి ఒకింత గట్టిగ చెప్పవలసియున్నది. చూచుటకు బడిలో వ్రాయు చాక్‌పీసువలెనే యుండును. అదియే దాని ముఖ్యదోషము. అందు డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి పురుగులమందు కలిసియుండును. నేలపై ప్రాకు బిడ్డ ఆ గీతపై చేయిపెట్టి నోట పెట్టుకొనును. పలకపట్టిన బిడ్డ ఆ సుద్దతోనే అక్షరములు దిద్దుకొనును. పిల్లలు దీనిని మామూలు సుద్దగ పొరబడుదురనియే అమెరికా పర్యావరణశాఖవారు తమ ప్రజలను హెచ్చరించియున్నారు. అదియునుగాక, గీత దాటిన చీమ అచ్చటనే పడిపోదు; కొంతదూరము పోయి పిండిలోనో పప్పులోనో పడి చచ్చును.

నేడు నిరపాయమన్నది రేపు అపాయమని తేలుట క్రొత్త కాదు. డీ.డీ.టీ. పురుగులను చంపునని కనిపెట్టినందుకు పాల్ ముల్లర్‌కు 1948లో నోబెలు బహుమానమిచ్చిరి. ఆ పొడిని, దానివెనుక గమాక్సీను పొడిని మన యిండ్లలో మూలమూలలను చల్లిరి. పిమ్మట అవి మన్నులోను, పాలలోను, మానవదేహములోను నిలిచిపోవుచున్నవని తెలిసి, మన దేశమున వ్యవసాయమునందు డీ.డీ.టీ.ని 1989లోను, గమాక్సీను అను బీ.హెచ్.సీ.ని 1997లోను నిషేధించిరి. పాత ఇండ్ల అటకలపై ఇంకను అట్టి పొట్లమేదైన మిగిలియున్నచో దానిని వాడక, చేతికి తొడుగువేసికొని తీసి, ఇంటిచెత్తలో కలుపక, పురపాలకమువారికి వేఱుగ అప్పగించుడు.

పిచికారీమందు సన్నచీమలపై మఱియొక విధముగ బెడిసికొట్టును. మందు తగిలిన ఫారో చీమలగుంపు బెదరి రెండుమూడు గుంపులుగ విడిపోయి, వేర్వేఱు గోడలలో క్రొత్తగూళ్ళు పెట్టును. ఒక బారు పోయి మూడు బారులగును.

ఎప్పుడైన బిడ్డ విషపుసుద్దను నోట పెట్టుకొన్నచో, నోటిలోని ముక్కను తీసి, నోరును చేతులును కడిగి, బలవంతముగ వాంతి చేయింపక, ఆ సుద్దపొట్లమును వెంటగొని వెంటనే ఆసుపత్రికి పోవలెను. 108కి ఫోను చేసిన బండి వచ్చును.

గోడలోనే గూడున్నచో

పై పనులన్నియు చేసినను, మూసినకొలది క్రొత్త రంధ్రమునుండి చీమలు వచ్చుచున్నచో గూడు గోడలోనే యున్నదనవలెను. అప్పుడు ఎర పెట్టుటయొక్కటే తరుణోపాయము. నూఱుపాళ్ళ నీటిలో పదిపాళ్ళ చక్కెరయు, ఒకపాలు వెలిగారమును కరగించి, ఆ నీటిలో దూదిని ముంచి, సూదిచిల్లులు పెట్టిన చిన్న డబ్బాలోనుంచి మూతవేసి బాటప్రక్కన పెట్టవలెను. పనిచీమలు దానిని త్రాగి, గూటికిపోయి, నోటినుండి నోటికి పంచుకొనును. మెల్లమెల్లగ రాణివఱకు పోవును. వెలిగారము ఎక్కువైనచో చీమ దారిలోనే చచ్చి గూటికి చేరదు. కావున ఒకపాలు మించరాదు. ఈ పది పదునైదు దినములు ఆ బాటను మాత్రము తుడువరాదు. ఎరను ప్రతి రెండుమూడు దినములకు మార్చవలెను.

గాజులకును, కంసాలిపనికిని వాడు వెలిగారము నేలలో దొరకు ద్రవ్యమేయైనను తినదగినది కాదు. నేలలో పుట్టినదెల్ల మేలుచేయునది కాదని మరువరాదు. ప్రాకు బిడ్డగాని పిల్లికుక్కలుగాని యున్నయింట ఈ యెర పెట్టవద్దు. తక్కిన యిండ్లలో పొట్లముపై ‘విషము’ అని పెద్ద అక్షరములతో వ్రాసి, ఉప్పు చక్కెరలకు దూరముగ, తాళమువేసి యుంచవలెను.

పండుగలనాటి జాగ్రత్త

మన పండుగలు చీమలకును పండుగలే. ఆషాఢమున బోనాలకు బెల్లపన్నము, సద్దుల బతుకమ్మనాడు మలీద, సంక్రాంతికి సకినాలు, అరిసెలు, నువ్వులుండలు, ఇవన్నియు వంటయింట నూనెయు పాకమును చిందునట్టి పనులే. అరిసెలపాకము పట్టిన గిన్నెను ఆ రాత్రియే వేడినీటితో కడుగవలెను, ఉదయము చూతమనరాదు. సకినాలనూనె చల్లారిన పిదప సీసాలో పోసి, సీసామెడను, అడుగును పొడిగుడ్డతో తుడువవలెను. పండుగమఱునాడు గట్టునంతయు ఒకమాఱు కుంకుడునీట తుడిచినచో చాలును.

వాకిట బియ్యపుపిండితో ముగ్గువేసి చీమలకింత ఆహారమిడుట మన పూర్వుల ధర్మము. నేటి ముగ్గుపిండి చాలవఱకు రాతిపొడియే గనుక చీమ కందు దక్కునది లేదు. పండుగనాడైన పిడికెడు బియ్యపుపిండితో ముగ్గు వేయుదమనువారు గడపనానుకొని కాక, తులసికోటవద్దనో గేటువద్దనో వేయుడు. పెరటి చీమతో మనకు వైరము లేదు. అది చెదపురుగులను తినును, మన్నును గుల్లచేయును, చచ్చిన పురుగులను ఎత్తివేయును.

ఇంటివారందఱి పని

కడపట ఒక్క మాట. చదువుకొనుచు మంచముమీద బిస్కట్టు తిన్న పిల్లవాడు, టీకప్పును కుర్చీక్రింద వదలిన యజమాని, మందు త్రాగి తేనెసీసాను కిటికీలో పెట్టిన మామగారు, వీరందఱు చీమలకు బాట చూపినవారే. నింద మాత్రము వంటయింటిలోని యొక్కరిది! బాటను తుడుచు పని ఆమెదైనచో, బాట పడకుండ చూచు పని తక్కినవారిది. త్రాగినవారు కప్పును కడిగి బోర్లించుట, తిన్నచోట తుడుచుట, మూత తీసినవారు మూత పెట్టుట, ఈ మూడు నియమములను ఒక కాగితముపై వ్రాసి గోడకంటించుడు. మగపిల్లలకును ఆడపిల్లలకును సమానముగ అలవాటు చేయుడు.

ఈ వానకాలము రాకముందే ఒక ఆదివారము సాయంకాలము ఇంటిల్లిపాది కలిసి గోడమూలలను చూచి, నెఱ్ఱెలను గుర్తించి, తెల్ల సిమెంటుతో పూడ్చివేయుడు. పది కుంకుడుకాయలను చితుకగొట్టి డబ్బాలో పోసి సిద్ధముగ నుంచుకొనుడు. ఇంటనున్న విషపుసుద్ద ముక్కను అదేదినమున వదిలించుకొనుడు. వచ్చు నెల ఈ పుటలో కందిపప్పునకును, జొన్నలకును పురుగు పట్టకుండ నిలువచేయు విధమును గూర్చి ముచ్చటింతము.